మూడు యూనిట్ల ఇల్లు

ఎండ 3వ రోజు. వాడకం: రెండుంముప్పావు యూనిట్లు.

ఈ ఏటి వాటా చీటీ వచ్చింది. మా ఇంటికి రోజుకు మూడు యూనిట్లు. కొత్త దొనకొండ నీడ కాలనీలో నాలుగొందల ఇళ్లున్నాయి, ఇంతకంటే తక్కువ వాటా ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. మూడు దాటని ఇంటికి కరెంటు బిల్లు సున్నా. పైగా తలుపుకు కొట్టుకోవడానికి ఒక పచ్చరేకు ఇస్తారు. మాకిది వరసగా తొమ్మిదో రేకు. తలుపు వేసినప్పుడల్లా అవన్నీ గలగలమంటాయని మా ఆయన మాలకొండయ్య విసుక్కుంటాడు. విసుక్కోనీ.

ఊరికే రాలేదు ఈ రేకు. ఎండాకాలానికి ముందు నలభై రోజులు ప్రతి ఇంటి వాడకాన్నీ కొలుస్తారు. ఆ నలభై రోజులూ పరిమితి ఉండదు, ఎంత కావాలంటే అంత వాడుకుని బిల్లు కట్టుకోవచ్చు. అప్పుడు తేలిన సగటే ఏడాదంతా మన వాటా. తర్వాత ఏ రోజైనా దాన్ని మించితే మీటరు దానంతటదే ఆగిపోతుంది. కొందరు ఆ నలభై రోజులూ పండగ చేసుకుని తర్వాత బిల్లు చూసి లబోదిబోమంటారు. నేను మాత్రం పరీక్ష రాసేదానిలా కూర్చుంటాను. అన్నం ఒక్క పొంగు రాగానే దించి గడ్డిపెట్టెలో పెట్టి దుప్పటి కప్పేస్తాను, మిగతా ఉడుకు అదే ఉడుకుతుంది. పప్పు ముందురోజే నానేస్తాను. రెండు గదుల మధ్య గోడకు కన్నం పెట్టించాను, ఒక్క దీపం రెండు గదులకూ సరిపోతుంది. కప్పుకు మూడు పూతల సున్నం, కిటికీలకు వట్టివేళ్ల తడికలు. పని అయిపోయాక మీట తీస్తే చాలదు, ప్లగ్గు పీకి, వైరు చుట్టి పెట్టాలి. మిణుకుమనే ఆ చిన్న ఎర్రదీపం కూడా కరెంటు తింటుంది. గదిలోంచి కాలు బయట పెట్టేలోపు చెయ్యి మీట మీదికి పోవాలి. ఈ ఒక్క పాఠం మా ఆయన తలకెక్కించడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

ఆయన దగ్గు మాత్రం ఈసారి తగ్గడం లేదు. కొలత రోజుల్లో ఫ్యాను వెయ్యమని రెండుసార్లు అడిగాడు. విసనకర్ర ఇచ్చాను.

ఎండ 9వ రోజు. వాడకం: రెండున్నర.

వారానికి ఒకరోజు మా వరండాలో పొదుపు క్లాసు చెబుతాను. ఇవాళ ముప్పైరెండు మంది వచ్చారు. ఈ వాడకం పుస్తకం అలవాటు కూడా నేను పెట్టిందే. ప్రతి ఇంట్లో ఒక పుస్తకం ఉండాలి, పైన అంకె వేసి, కింద ఆరోజు సంగతులు రాయాలి. అంకె ఎందుకు పెరిగిందో సంగతుల్లో దొరుకుతుందని చెబుతాను. ఐదేళ్లలో మా వీధి వీధంతా మూడుకూ నాలుగుకూ దిగింది. నా గొప్ప నేనే చెప్పుకోవాలి, ఇంకెవరు చెబుతారు.

దిగనిది ఒక్క సలోమి ఇల్లే. మా ఇంటికీ వాళ్లింటికీ గోడ ఒకటే. నలభై ఏళ్లుంటాయి, ఒంటరి మనిషి. పొద్దున లేచింది మొదలు పాటలు, ప్రతి గదిలో ఫ్యాను, ఆరేసిన బట్టల మీదికి ఇంకో ఫ్యాను. వాటా ఆరు యూనిట్లు. బిల్లు కట్టలేక కిందామీదా పడుతుంది, అయినా మానదు. "ఇంట్లో ఏదో ఒకటి తిరగతా ఉంటే మనిషున్నట్టు ఉంటది గదక్కా" అంటుంది. ఆమె పేరు చెప్పకుండా క్లాసులో ఆమెనే ఉదాహరణగా చెబుతుంటాను. అందరికీ తెలుసు, నవ్వుతారు.

క్లాసు అయ్యాక ఈయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఛాతీ బొమ్మను వెలుగుకు ఎత్తి చూసింది.

"ఏం పని చేసేవారండీ?"

"ఎండపలకలు తుడిచే పని. ఇరవయ్యారేళ్లు చేశా" అన్నాడు ఈయన. ఊరి బయట కొండల దాకా పరుచుకున్న పలకలే మా అందరి కరెంటు. వాటి మీద దుమ్ము రోజూ తుడవకపోతే సగం కరెంటు పోతుంది.

"ఆ దుమ్మంతా లోపలే ఉంది. ఇక గాలిమిషను పెట్టుకోవాల్సిందే, రోజంతా. మిషను తీసి లేచి తిరగాలంటే పది నిమిషాలకు మించొద్దు" అంది ఆమె.

ఆస్పత్రిలో పడుకోబెట్టమన్నాను. ఆస్పత్రికీ వాటానే, పురుళ్లకూ ఆపరేషన్లకూ పోగా మిగలదంది. మిషను మాత్రం ఇంటికి ఊరికే ఇస్తామంది. సామాన్ల గదిలోకి వెళ్తే గోడ పొడుగునా కప్పు దాకా మిషన్లు పేర్చి ఉన్నాయి.

"ఇన్నున్నాయేందమ్మా?"

"మిషన్లకేం కొదవ లేదండీ. నడిపేంత వాటా ఉన్న ఇళ్లే లేవు."

మిషను మూడు గంటలకు ఒక యూనిట్ తింటుంది. రోజంతా అంటే ఎనిమిది. మాకున్నవి మూడు.

ఎండ 10వ రోజు. వాడకం: మూడు.

దీపం లేదు. పొయ్యి లేదు, వంట దొడ్లో పుల్లల మీదే. చల్లపెట్టె ఖాళీ చేసి ఆపేశాను. నీళ్లు బావి నుంచి చేది పోసుకుంటున్నాను. మూడు యూనిట్లూ మిషనుకే ఇస్తే తొమ్మిది గంటలు నడుస్తుంది. మిగతా పదిహేను గంటలు ఆయన గోడకానుకుని, నోరు తెరుచుకుని, గాలిని ఒక్కో గుక్కా లాక్కుంటాడు. ఆ పదిహేను గంటలూ నేను పక్కనే కూర్చుంటాను. ముప్పైమూడేళ్ల కాపురంలో ఆయన్ని ఇంతసేపు చూసింది లేదు.

ఎండ 14వ రోజు. వాడకం: మూడు.

వాటా ఆఫీసుకు వెళ్లాను. అక్కడ గుమస్తా ఫణీంద్ర నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు. వెనక గోడ మీద నా పాఠాలే అచ్చు వేయించి అంటించారు. "ఇంటి బిల్లు సున్నా చేసుకునే పద్ధతులు, వెంగమాంబ గారు." సున్నం దగ్గర్నుంచి గడ్డిపెట్టె దాకా అన్నీ వరసగా ఉన్నాయి.

సంగతి చెప్పాను. మా మీటరు నంబరు కొట్టి చూసి అతను మెడ గోక్కున్నాడు.

"వైద్యావసరం కింద పెంచొచ్చు మేడమ్. కానీ కొలత రోజుల్లో ఆ అవసరం కనపడాలి. మీ కొలత మూడు దాటలేదు. ఇంకా తగ్గించొచ్చని సూచన కూడా పడింది."

"అప్పుడు మిషను లేదు నాయనా."

"మళ్లీ కొలత పది నెలలకొస్తది. అప్పుడు పెట్టండి, తప్పకుండా పెరుగుతది."

"అప్పటిదాకా ఆయన ఊపిరి బిగబట్టుకోవాల్నా?"

అతను మంచినీళ్లు తెచ్చిచ్చాడు. మంచి పిల్లాడే, నా క్లాసుకు వాళ్లమ్మ వస్తుంది. కప్పు మీద సొంతంగా ఒక పలక పెట్టుకుంటానన్నాను. ఆ మాట ఇక్కడన్నారు సరే, బయట అనబాకండి, జైల్లో వేస్తారు అన్నాడు. లేచి వస్తూ గోడ మీది కాగితం చింపేద్దామనిపించింది. అంతమందిలో చెయ్యి రాలేదు.

కొలత రోజుల్లో ఆయన అడిగినప్పట్నుంచీ ఫ్యాను వేసి ఉంచితే ఈ వాటా ఐదో ఆరో ఉండేది. రాసుకోకూడదనుకున్నాను, రాశాను.

ఎండ 17వ రోజు. వాడకం: మూడు, చేబదులు ఒకటి.

మా కాలనీలో కరెంటు చేబదులు ఇచ్చుకుంటారు. ఒక యూనిట్ పట్టే బ్యాటరీ డబ్బాలుంటాయి, తమ ఇంట్లో నింపి ఇస్తారు. తిరిగి ఇచ్చేటప్పుడు డబ్బా వట్టిగా ఇవ్వకూడదు, పైన నాలుగు కరివేపాకు రెబ్బలో రెండు మిరపకాయలో పెట్టి ఇవ్వాలి. ఇవాళ డబ్బా పట్టుకుని మా వీధిలో ప్రతి గుమ్మం ఎక్కాను. అందరూ నా శిష్యురాళ్లే. లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చారు, కళ్లనీళ్లు పెట్టుకున్నారు, మీటరు చూపించారు. మూడు. మూడున్నర. మూడు. "మీరు చెప్పినట్టే చేశాం గద మేడమ్" అంది ఒకామె, ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. పావు, అరపావు కలిపి తొమ్మిది ఇళ్లవాళ్లు ఒక్క డబ్బా నింపారు. ఒక్క డబ్బా అంటే మూడు గంటలు.

సలోమి గుమ్మం ఎక్కలేదు. ఏ మొహం పెట్టుకుని ఎక్కను?

ఎండ 19వ రోజు. వాడకం: మూడు, చేబదులు నాలుగు.

సలోమే వచ్చింది. నాలుగు డబ్బాలు రెండు చేతులకూ వేలాడదీసుకుని, ఆయాసపడుతూ, తలుపు కాలితో నెట్టుకుని వచ్చింది. పచ్చరేకులన్నీ గలగలమన్నాయి.

"ఏందక్కా, ఊరంతా అడిగావంట, నేను కనపళ్లేదా?"

నేను ఆమె చేతుల్లోంచి రెండు డబ్బాలు అందుకున్నాను.

"నువ్వు క్లాసులో చెప్పే ఆ తగలేసేది నేనేనని నాకు తెలవదా ఏంది. గోడ ఒకటే గదా, అన్నీ ఇనపడతయి." నవ్వింది. "రోజూ నాలుగిస్తా. ఇంకోటి కూడా ఇద్దును, రాత్రి మరీ చీకటయితే నాకు బయ్యం."

"నీకెట్టా సలోమీ?"

"నాకేమైంది, దున్నపోతులా ఉండా. బావ దగ్గుతా ఉంటే గోడకివతల నాకు అన్నం దిగట్లా."

ఆమె వెళ్లాక మిషను మీట వేసి ఏడ్చాను. ఆయన గొట్టం సర్దుకుంటూ, "క్లాసులో ఇంకా ఏమేం అన్నావే ఆ పిల్లని?" అని అడిగాడు. 

ఎండ 27వ రోజు. వాడకం: మూడు, చేబదులు నాలుగు.

ఏడు యూనిట్లు. ఇరవై ఒక్క గంటలు. మిగతా మూడు గంటలు పొద్దున చల్లబడ్డ వేళలో సర్దుకుంటున్నాం. ఆయన పెదాల నలుపు తగ్గింది. ఇవాళ చారు ఉప్పగా ఉందన్నాడు. ఉప్పగా లేదు. వంక పెట్టే ఓపిక వచ్చిందని సంతోషించాను.

మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి మిషను ఆగి ఉంది. ఆయన వరండాలో కూర్చుని గోడ పక్కకు తొంగి చూస్తున్నాడు. పెదాలు మళ్లీ నల్లబడుతున్నాయి.

"ఎందుకు ఆపావయ్యా?"

"ఇక్కడ కూచున్నా గదా, అది లోపల ఊరికే తిరగటం ఎందుకని. ప్లగ్గు గూడా పీకేశాలే, దండగ కాలా." నేను తిట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "అటు చూడు."

సలోమి తన గుమ్మంలో చాప వేసుకుని విసనకర్రతో విసురుకుంటోంది. పాట లేదు. ఇంట్లో ఏదీ తిరగడం లేదు. జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది.

"మనకోసం ఆ పిల్ల ఉడికిపోతా ఉండాది. నాకు బాగలేదే ఇది" అన్నాడు.

"నీకు బాగుండాలనేగా ఆమె ఇచ్చేది. ఇంకోసారి మీట తీశావంటే చూడు."

"నువ్వు నేర్పిందేగా" అన్నాడు నవ్వుతూ. నవ్వుకు దగ్గొచ్చింది. లోపలికి నడిపించుకెళ్లి గొట్టం పెట్టాను. ఆ సాయంత్రం చాలాసేపు పలకల పని గురించి చెప్పాడు. తెల్లారుజామున తుడిచిన పలకలో ఆకాశం మొత్తం కనిపించేదట, కాలు పెట్టాలంటే భయమేసేదట. ఇరవయ్యారేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదేమని అడిగాను. నువ్వెప్పుడూ దీపం ఆపి పడుకోమనేదానివిగా అన్నాడు.

ఎండ 38వ రోజు. వాడకం: చూడలేదు.

మొన్న పదకొండు గంటలకు డబ్బాల కోసం సలోమి ఇంటికి వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, ముక్కుకు గొట్టం ఉంది, మిషను నడుస్తోంది. మీట ముట్టుకోబాకు అన్నాను. పోయిరా అన్నాడు.

వెళ్లి రావడానికి ఐదు నిమిషాలు చాలు. డబ్బాలు తీసుకుని బయటికొస్తే రామతులసి ఎదురైంది. ఎదురింటి కొత్త కోడలు, ఈ ఏడే క్లాసులో చేరింది. "మేడమ్, మా మీటరు నాలుగు దాటతంది, అత్త కేకలేస్తంది, ఏం చెయ్యాల?" అంది. డబ్బాలు కింద పెట్టాను. అడిగిన వెంటనే నా నోట్లోంచి పాఠం వచ్చేసింది. గడ్డిపెట్టెలో గడ్డి ఎంత మందం ఉండాలి, దుప్పటి ఎటు కప్పాలి, సున్నంలో ఏం కలపాలి. ఆ పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. ఎన్నాళ్లకో నన్ను ఒకరు మేడమ్ అని పాఠం అడిగారు. అరగంట చెప్పాను.

తలుపు తియ్యగానే తెలిసింది. ఇంట్లో చప్పుడు లేదు.

ఆయన దొడ్డి తలుపు దగ్గర పడి ఉన్నాడు. తల ఇంట్లోకి, కాళ్లు గడప మీద. చెంబు దొర్లిపోయి ఉంది. మంచానికి నాలుగడుగుల దూరం. మిషను మీట తీసి ఉంది. ప్లగ్గు పీకి, వైరు చుట్టి, గొట్టం మేకుకు తగిలించి ఉంది. మీట వేసి గొట్టం ఆయన ముక్కుకు పెట్టాను. సలోమి పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుని లాగేదాకా పెట్టే ఉంచాను.

సలోమి బాధ చూడలేక కావాలనే ఆపేశాడని అందరూ అంటున్నారు. నేనూ అదే అనుకుంటున్నాను. సలోమి గోడకు తల కొట్టుకుంటోంది. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వస్తోంది. నాకు చెప్పకుండా, నేను గుమ్మం దాటేదాకా చూసి, ఇంత పని చేస్తాడా? బతికున్నవాడైతే నాలుగు తిట్టేదాన్ని. ఈ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఎండ 53వ రోజు. వాడకం: పావు.

ఇంట్లో ఒక మనిషి తగ్గినందున వాటా ఒకటిన్నరకు తగ్గించామని చీటీ వచ్చింది. ఆస్పత్రికి మిషను తిరిగివ్వబోతే, పెట్టడానికి చోటు లేదు, మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. క్లాసు మానేశాను. సలోమి రోజూ అన్నం తెచ్చి నేను తినేదాకా కూర్చుంటుంది. ఇద్దరం ఆయన మాట ఎత్తం.

కొలత 1వ రోజు. వాడకం: ఎనిమిది.

తొమ్మిది నెలల తర్వాత మళ్లీ ఈ పుస్తకం తెరిచాను.

ఇవాళ పొద్దున అందరినీ వరండాలోకి పిలిచాను. ఈ నలభై రోజులూ ఏదీ ఆపబాకండి అన్నాను. ఫ్యాన్లు వేసి పెట్టండి, దీపాలు పగలే వెలిగించుకోండి, అవసరం ఎప్పుడు ఎవరింటికొస్తుందో తెలియదు, వాటా ఉంటేనే ఒకరికొకరు డబ్బా ఇచ్చుకోగలరు అన్నాను. నాకు మతి పోయిందన్నట్టు చూశారు. బిల్లు ఎవరు కడతారు మేడమ్ అన్నారు. అదీ నిజమే, చాలామంది కట్టలేరు. నాకు ఆయన పింఛను వస్తుంది, తినేదాన్ని ఒక్కదాన్నే. రామతులసి అత్త రెండు నెలలుగా దగ్గుతోంది. ఆమె కూడా పలకలు తుడిచిన మనిషే. వచ్చే ఎండల్లో ఆ ఇంటికి డబ్బాలు కావాలి. అందుకని గాలిమిషను ఆయన మంచం పక్కన పెట్టి మీట వేశాను. రోజంతా నడవాలి. నలభై రోజులూ నడవాలి.

మధ్యాహ్నం ఫణీంద్ర వచ్చాడు. "మీ మీటరు చెడిపోయినట్టుంది మేడమ్" అన్నాడు.

"చెడిపోలా నాయనా. లోపలికి రా."

వట్టి మంచం పక్కన మిషను నడుస్తోంది, గొట్టంలోంచి గాలి దుప్పటి మీదికి పోతోంది. అతను గుమ్మంలోనే చెప్పులు విడిచి నిలబడ్డాడు. "మీటరు బాగానే ఉందని రాసుకుంటాను" అని వెళ్లిపోయాడు.

అతన్ని పంపించి, చెంబు తీసుకుని దొడ్లోకి వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు.

కరెంటు పోయిందేమో అనుకుని భయపడ్డాను. కరెంటు ఉంది. మీట తీసి ఉంది. ప్లగ్గు పీకి ఉంది. వైరు చుట్టి, గొట్టం మేకుకు తగిలించి ఉంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. నేనే చేశాను. చేసినట్టు నాకు గుర్తు లేదు. గదిలోంచి బయటికి పోతున్నాను కదా, చెయ్యి దానంతటది వెళ్లింది.

మీట మళ్లీ వేసి మంచం పట్టె మీద కూర్చున్నాను. ఇన్నాళ్లుగా ఆయన మీద పెంచుకున్న కోపం అక్కడికక్కడే పోయింది. ఆ కోపమే ఉంటే బాగుండేది. ఆయన సలోమి కోసం ఆపలేదు. నన్ను మోసం చెయ్యలేదు. చచ్చిపోదామని అనుకోలేదు. దొడ్లోకి వెళ్లొద్దామని లేచాడు, అంతే.